వ్యాయామం పెంచిన మూడో వారంలో ఉన్నట్టుండి మోకాలి నొప్పి: పూర్తిగా ఆపేయాలా?

ప్రశ్న

నమస్కారం అండీ. నా వయసు 41. ఇన్నేళ్లూ కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమే. బరువు 78 కిలోలకి చేరడంతో మూడు నెలల కిందట నడక మొదలుపెట్టాను. రెండు నెలలకు పైగా రోజుకి అరగంట, మామూలు వేగంతో నడిచాను. ఏ ఇబ్బందీ రాలేదు. పైగా ఒంట్లోకి హుషారు వచ్చింది, రాత్రిళ్లు నిద్ర బాగా పడుతోంది. ఆ ఉత్సాహంతోనే ఈ మధ్య పెంచుకుంటూ పోయాను. నడకని గంట చేసి, మధ్యలో కొంచెం జాగింగ్ కలిపాను. తర్వాతి వారం లిఫ్ట్ మానేశాను. మేముండేది ఏడో అంతస్తు. ఆ తర్వాతి వారం రోజుకి 50 స్క్వాట్స్ మొదలుపెట్టాను.

పోయిన మంగళవారం పొద్దున మెట్లు దిగుతుంటే నాలుగో అంతస్తు దగ్గర కుడి మోకాలు కలుక్కుమంది. రెయిలింగ్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. అప్పటినుంచి మెట్లు దిగితే నొప్పి. ఆఫీసులో రెండు గంటల మీటింగ్ తర్వాత లేస్తే మొదటి నాలుగు అడుగులు కుంటుతున్నాను. చదునుగా ఉన్న చోట నడిస్తే మాత్రం పెద్దగా తెలియదు.

అసలు నా భయం వేరే. మా అమ్మకి 62వ ఏట రెండు మోకాళ్లకీ మార్పిడి ఆపరేషన్ అయింది. నాకూ గుజ్జు అరిగిపోయిందేమో, ఈ వ్యాయామంతో నేనే దాన్ని త్వరగా అరగదీసుకున్నానేమో అని ఒకటే టెన్షన్. ఒకరు "పట్టించుకోకుండా చెయ్యి, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. ఇంకొకరు "ఇక మెట్ల జోలికి పోకు" అంటున్నారు. బంధువు ఒకాయన వెంటనే ఎంఆర్ఐ తీయించమంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఇన్నాళ్లకి ఒక మంచి అలవాటు చేతికొచ్చింది, దాన్ని వదులుకోవాలని లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు – పాత వాలీబాల్ ఆటగాడు

మీరు రాసింది చదువుతుంటే ఆరేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను. నాకు ఎడమ మోకాలు. భయపడి అన్నీ ఒక్కసారిగా మానేశాను. నాలుగు నెలలు ఇంట్లో కూడా ఆచితూచి అడుగేశాను. నొప్పి తగ్గింది నిజమే. కానీ మళ్లీ ఆటకి వెళ్లిన మొదటి రోజే ఇదివరకటి కన్నా ఎక్కువగా తిరగబెట్టింది. ఆ నాలుగు నెలల్లో తొడ కండ కరిగిపోయింది. టేపుతో కొలిస్తే రెండో తొడ కన్నా రెండు సెంటీమీటర్లు సన్నబడింది. దయచేసి పూర్తిగా మంచాన పడకండి. మీ నొప్పి ఎక్కడో, వాపు ఉందో లేదో కూడా రాయండి. అది తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

జవాబు – ఫిజియోథెరపిస్టు, 14 ఏళ్ల అనుభవం

కాలు చూడకుండా ఇది ఫలానా అని తేల్చి చెప్పడం తప్పు. కాబట్టి ముందు ఆలస్యం చేయకూడనివి చెబుతాను. మోకాలు మెలికపడి టక్‌మని శబ్దం వచ్చి, కొన్ని గంటల్లోనే ఉబ్బిపోవడం. ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం. లంబకోణం దాకా వంచలేకపోవడం. మధ్యలో ఇరుక్కుపోయి అటూ ఇటూ కదలకపోవడం. నడుస్తుంటే మోకాలు ఒక్కసారిగా జారిపోవడం. మోకాలు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉండడం. వీటిలో ఏది ఉన్నా ఇక్కడ సలహాల కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జ్వరంతో వేడెక్కిన మోకాలైతే ఆ రోజే వెళ్లాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడుతున్నా అంతే, అది రక్తం గడ్డ కావచ్చు. దానితో పాటు ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

మీరు రాసినదాంట్లో అవేవీ కనబడలేదు. మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు నొప్పి, చదును మీద నడిస్తే తక్కువ. ఈ మూడూ కలిసి వస్తే మేం ముందుగా అనుమానించేది చిప్ప వెనక నొప్పిని. మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది. మోకాలు వంగేకొద్దీ చిప్ప ఆ గాడికి గట్టిగా ఒత్తుకుంటుంది. చదునుగా నడిచేటప్పుడు ఆ ఒత్తిడి మన బరువులో సుమారు సగం. మెట్ల మీద మూడింతలు దాటుతుంది. బాగా కిందికి కూర్చునే స్క్వాట్‌లో ఏడింతల దాకా వెళ్తుంది. మీ 78 కిలోలకి లెక్క వేస్తే నడకలో 40 లోపు, మెట్ల మీద 230 పైన. భయపడకండి, అలవాటు పడిన మోకాలు ఈ బరువుని ఏళ్ల తరబడి మోస్తుంది. మీ మోకాలికి అలవాటు పడే సమయం దొరకలేదు, అంతే. కొత్త వ్యాయామంలో ఊపిరి ముందు దారికొస్తుంది, తర్వాత కండరాలు గట్టిపడతాయి. స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు), ఎముక అన్నిటికన్నా నెమ్మది. అందుకే ఒంట్లో హుషారుగా ఉన్న మూడో వారంలోనో ఐదో వారంలోనో మోకాలు మొరాయిస్తుంది.

గుజ్జు గురించి మీ భయానికి వస్తాను, దాదాపు ప్రతి పేషెంటూ అడిగేది ఇదే. మనం గుజ్జు అనే ఆ మృదులాస్థిలో నొప్పి తెలిపే నరాలే లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, చుట్టూ ఉన్న పొరలో, చిప్ప కింది కొవ్వు మెత్తలో. ఒక్క వారం నొప్పిని బట్టి గుజ్జు అరిగిందని ఎవరూ చెప్పలేరు. ఆ గుజ్జుకి రక్తనాళాలు కూడా లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందాలి, కదలికే ఆ ద్రవాన్ని లోపలికీ బయటికీ నడిపిస్తుంది. కదలకుండా ఉంచితే గుజ్జు భద్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

ఎంఆర్ఐ ఇప్పుడే వద్దు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ల మధ్యవారి మోకాళ్లకి ఎంఆర్ఐ తీసి చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, మోకాలి లోపలి మెత్త (రెండు ఎముకల మధ్య ఉండే మెనిస్కస్) చిరిగినట్టు కనబడినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలంతా మోకాలి నొప్పే లేదు. ఫోటోలో ఏదో ఒకటి కనబడుతుంది, దాన్ని పట్టుకుని మీరు ఇంకో ఏడాది బెంగపడతారు. నేను చూసిన వాళ్లలో అలా స్కాన్ రిపోర్టు చదివి నడక మానేసినవాళ్లు ఎంతోమంది, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. పై ప్రమాద సూచనలు ఉంటేనో, సరైన వ్యాయామం చేసినా ఆరు వారాలకి మార్పు లేకపోతేనో అప్పుడు ఆలోచిద్దాం.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించి చెప్పండి. చిప్ప చుట్టూనా, చిప్ప కింది అంచులోనా, బయటి పక్కనా, లోపలి పక్కనా? బయటి పక్కన అయితే తుంటి నుంచి మోకాలి దాకా దిగే పట్టీ కావచ్చు, అది పరుగులో ప్రతిసారీ దాదాపు ఒకే దూరం దగ్గర మొదలవుతుంది. చిప్ప కింద ఒకే చుక్క దగ్గర అయితే స్నాయువు.

అడిగినవారు

మీ అందరికీ చాలా థాంక్స్. వేలితో చూపించమంటే నాకు ఒక్క చోటు దొరకలేదు. అరచేతితో చిప్ప అంతా మూసి "ఇక్కడ" అనాల్సి వస్తోంది. వాపు లేదు, ఇరుక్కోవడం లేదు, కాలు మెలికపడలేదు, జ్వరం లేదు. పూర్తిగా వంచగలుగుతున్నాను, చివర్లో కాస్త బిగుతు.

మీరు చెప్పాక కాగితం తీసుకుని లెక్క రాశాను. అంతస్తుకి 20 మెట్లు, ఏడు అంతస్తులకి 140. రోజుకి రెండుసార్లంటే దిగేవే 280. రెండు నెలల పాటు సున్నాగా ఉన్నది ఒక్క సోమవారం నుంచి 280 అయింది. దానిమీద 50 స్క్వాట్స్, జాగింగ్. నడక రెట్టింపు. ఇవన్నీ మూడు వారాల్లోనే. కాగితం మీద చూసేదాకా నేను ఇంత పెంచానని నాకే తెలియలేదు. నా మనసులో ఉన్నదల్లా "కొంచెం పెంచాను" అనే.

ఇప్పుడు వేటిని ఉంచుకోవాలి, వేటిని తీసేయాలి? మోకాలికి తొడిగే నీ-క్యాప్ వేసుకోమని కూడా అంటున్నారు.

జవాబు – ఫిజియోథెరపిస్టు

అరచేతితో మూసి చూపించారు చూడండి, చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్లు ఎక్కువగా అలాగే చూపిస్తారు. మీరు రాసుకున్న లెక్కలోనే మీ జవాబు ఉంది.

నడక ఉంచండి. చదునుగా ఉన్న చోట 20–25 నిమిషాలు. స్క్వాట్స్, జాగింగ్, మెట్లు ప్రస్తుతానికి తీసేయండి. తప్పనిసరిగా మెట్లు వస్తే ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు, చెయ్యి రెయిలింగ్ మీద. ఆఫీసులో ప్రతి అరగంటకీ ఒకసారి లేవండి, లేదా కూర్చున్నచోటే కాలు చాపి పదిసార్లు తొడ బిగించి వదలండి.

బలం పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులు చాలు. వెల్లకిలా పడుకుని, తొడ ముందు కండరం బిగించి, కాలు చాపి అడుగు ఎత్తు లేపడం. మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. పక్కకి తిరిగి పడుకుని పై కాలు లేపడం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నొప్పి మోకాలిది కదా, తుంటికి ఎందుకని అడుగుతారు. తుంటి పక్క కండరం బలహీనంగా ఉంటే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప మీద ఒత్తిడి మారిపోతుంది. మోకాలికి ఒక్కదానికే చేసేదాని కన్నా తుంటికీ కలిపి చేసినప్పుడు ఈ నొప్పి బాగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక్కోటి పదిసార్లు, మూడు విడతలు. రెండు వారాల తర్వాత ఎత్తు కుర్చీలోంచి చేతులు వాడకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం కలపండి. తొందరపడకండి, ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టే పని ఇది.

నీ-క్యాప్ ధైర్యం కోసం కొన్నాళ్లు వేసుకోండి, తప్పు లేదు. అది కండరం పని మాత్రం చేయదు.

జవాబు – ఉదయం పరుగు

నేను తొమ్మిదేళ్లుగా పరుగెత్తుతున్నాను. రెండుసార్లు ఇదే నొప్పితో ఆగిపోయాను, కాబట్టి మనసులోంచి రాస్తున్నాను.

అక్కా, ముందుగా ఒక నోటుబుక్ పెట్టుకోండి. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. వ్యాయామం చేస్తున్నప్పుడు ఎంత, మర్నాడు పొద్దున మొదటి మెట్టు దగ్గర ఎంత. చేస్తున్నప్పుడు మూడు లోపు ఉండి, మర్నాటికి మామూలుకి వచ్చేస్తే ఆ రోజు చేసింది మోకాలికి సరిపోయింది. మర్నాడు ఎక్కువైతే ఆ ముందు రోజు చేసింది ఎక్కువ. నాకు మొదటిసారి ఈ సంగతి తెలియక, చేసేటప్పుడు నొప్పి లేదు కదా అని లాగించాను. మోకాలు తన జవాబు మర్నాడు చెబుతుంది. రెండోసారి ఈ నోటుబుక్ పట్టుకునే బయటపడ్డాను.

ఇంకో మాట. పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు నాకు ఉండేది, దయచేసి ఆ పని చేయకండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా ఆ మాత్రలు కడుపులో పుండ్లు, కిడ్నీ ఇబ్బంది, బీపీ ఉన్నవాళ్లకి మంచివి కావు. పైన రాసే జెల్ కొంత నయం, అది కూడా డాక్టర్‌ని అడిగే వాడండి. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెడితే హాయిగా ఉంటుంది. అది నొప్పికి ఉపశమనం మాత్రమే. 1978లో దెబ్బలకి విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మర్కిన్ తర్వాతి కాలంలో తానే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు.

వారానికి పది శాతం మాత్రమే పెంచాలి అని అందరూ అంటారు. అది మంత్రం కాదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి మీద ఆ నియమాన్ని పరీక్షించి 2008లో ఫలితం ప్రచురించారు. పది శాతం లెక్కన 13 వారాలు పెంచినవారిలోనూ, మామూలు 8 వారాల పద్ధతిలో వెళ్లినవారిలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరు దెబ్బ తిన్నారు. కాబట్టి అంకె కన్నా నేను నమ్మేది ఒకటే: ఒక వారంలో ఒక్కటే కొత్త పని. మెట్లు కలిపితే ఆ వారం దూరం పెంచను.

పరుగు మోకాళ్లని అరగదీస్తుందనే భయం నాకూ ఉండేది. ఎన్నో అధ్యయనాలని కలిపి 2017లో వేసిన లెక్కలో, సరదాకి పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం. పరుగెత్తకుండా కూర్చునే జీవితం గడిపేవారిలో 10.2. పోటీల స్థాయివారిలో 13.3. పరుగే కాపాడిందని దీన్నిబట్టి అనలేం, బరువు లాంటివి ఎన్నో కలిసి ఉంటాయి. కానీ కొంచెం పరుగు మోకాళ్లని పాడుచేస్తుందనే మాట మాత్రం దీని ముందు నిలబడదు.

జవాబు – లిగమెంట్ అనుభవం

అందరూ మంచి మాటలే చెప్పారు. నాది వేరే కథ, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఆటలో పక్కకి తిరిగినప్పుడు లోపల టక్‌మంది. రాత్రికి మోకాలు బంతిలా ఉబ్బింది. బెణుకే అనుకుని రెండు నెలలు కట్టు కట్టుకుని తిరిగాను. నేను మొదట వెళ్లిన చోట కూడా సరిగ్గా పరీక్షించకుండా మాత్రలిచ్చి పంపేశారు. తర్వాత తేలింది లిగమెంట్ తెగిందని. ఆ రెండు నెలలూ అలాగే తిరగడంతో లోపలి మెత్త కూడా చిరిగింది. ఈ థ్రెడ్ చదివేవారిలో మోకాలు మెలికపడి అదే రోజు ఉబ్బినవాళ్లు ఉంటే, పైన రాసిన వ్యాయామాలు మీకు కాదు. ముందు చూపించుకోండి.

అడిగినవారు (ఎనిమిది వారాల తర్వాత)

చెప్పకుండా మాయమయ్యానని అనుకోకండి. నోటుబుక్ నిండేదాకా ఆగి రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు మీరు చెప్పినట్టే చదును నడక, పడుకుని చేసే వ్యాయామాలు. నొప్పి ఐదు నుంచి మూడుకి వచ్చింది. మూడో వారంలో ఒక రోజు ఏ నొప్పీ లేదు. ఆ సంతోషంలో పావుగంట జాగింగ్ చేశాను. చేస్తున్నంతసేపూ సున్నా. మర్నాడు పొద్దున మంచం దిగగానే ఐదు. చాలా ఏడుపొచ్చింది, మొత్తం మళ్లీ మొదటికొచ్చిందని. కానీ పుస్తకంలో రాసుకుని, మూడు రోజులు తగ్గించి నడిచాను. నాలుగో రోజుకి మళ్లీ రెండు. మొదటికి రాలేదు, ఒక్క అడుగు వెనక్కి పడింది, అంతే. ఆ మూడు రోజుల అంకెలు రాసి ఉండకపోతే నేను వదిలేసేదాన్ని.

ఇందులో అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. నేను పడుకుని కాలు లేపుతుంటే చూసి, "నాకు ఆపరేషన్ తర్వాత చేయించింది ఇదే, నువ్వు మోకాలు వంచేస్తున్నావు, అలా కాదు" అని పక్కన కూర్చుని సరిదిద్దింది. అప్పటినుంచి వారానికి మూడు సాయంత్రాలు ఇద్దరం కలిసే చేస్తున్నాం. ఆవిడ లెక్కపెడుతుంది, నేను లేపుతాను. తర్వాత ఆవిడ కుర్చీలోంచి లేచి కూర్చుంటే నేను లెక్కపెడతాను. ఇన్నాళ్లూ ఆ మోకాళ్లని చూసి భయపడ్డాను. ఆవిడ ఆపరేషన్‌కి ముందు పదేళ్లు నొప్పితో కదలకుండా కూర్చున్న సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఐదో వారం నుంచి మెట్లు. ఒక అంతస్తు ఎక్కడం, మిగతా లిఫ్ట్. ఇప్పుడు మూడు అంతస్తులు ఎక్కుతున్నాను, ఒకటి దిగుతున్నాను. నొప్పి ఒకటి, కొన్ని రోజులు సున్నా. మీటింగ్ తర్వాత లేస్తే ఇంకా కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది. నడక 45 నిమిషాలకి వచ్చింది.

ఉదయం పరుగు గారూ, ఇప్పుడు జాగింగ్ మొదలుపెట్టవచ్చా? ఈసారి ఎలా మొదలుపెట్టాలి?

జవాబు – ఉదయం పరుగు

అక్కా, ఇది చదివి చాలా సంతోషం వేసింది. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

45 నిమిషాల చురుకైన నడక వరసగా వారం రోజులు మర్నాటి నొప్పి లేకుండా గడిస్తే మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు నడిచి, ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. అలా ఆరుసార్లు. రోజు విడిచి రోజు. అడుగులు చిన్నవిగా, దగ్గర దగ్గరగా వేయండి. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే 168 చేయండి, అదే వేగంలో. అడుగు పొట్టిదైతే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది, నాకు అన్నిటికన్నా పనిచేసింది అదే. ఆ రెండు వారాలూ మెట్ల లెక్క మూడు దగ్గరే ఆపి ఉంచండి. మర్నాటి అంకెలు ఇక్కడ రాస్తూ ఉండండి, చూసి చెబుతాను.